యంత్రమునకు గోరుముద్దలు

దసరాలలో ఆయుధపూజనాడు మా తమ్ముని కుమార్తె తాను పనిచేయు కార్ఖానాకు నన్ను తోడుకొనిపోయినది. ఇబ్రహీంపట్నమునకు సమీపముననే యున్న చిన్న కార్ఖానా యది. ఇరువదిమందికి మించి పనివారు లేరు. ఆ యొక్కనాడు మాత్రము పనివారి యిండ్లలోని ఆడవారిని, పిల్లలను లోనికి రానిత్తురు. యంత్రములకన్నిటికిని పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూలదండలు వేసి, గుమ్మమునందు గుమ్మడికాయ కొట్టియున్నారు. ఒక యంత్రము ప్రక్కన బల్లమీద సబ్బుపెట్టె యంతటి నల్లని పెట్టె యొకటి నా కంటబడినది. దానికి రెండు మూరల తోక, తోకచివర ఇరువదియైదు సూదులు గల మూతి. ఎవరో దానికిని బొట్టు పెట్టిరి.

“ఇదేమి బిడ్డా, దీనికి కూడ పూజయేనా?” అంటిని.

“అసలు పూజ దీనికే చేయవలె నత్తా! ఆ పెద్దదానికి అన్నము పెట్టునది ఇదియే” అని అది నవ్వినది.

నవ్వులాటకు అన్నమాటయే యైనను, ఇంటికి వచ్చిన తరువాత ఆ పెట్టె సంగతి నన్ను విడువలేదు. పిల్ల చెప్పగా విన్నదియు, నేను చదివి తెలిసికొన్నదియు కూర్చి, నా వంటి గృహిణులకొఱకు ఇచ్చట వ్రాయుచున్నాను. ఇందులో ఇనుము, ఇత్తడి మాత్రమే కాదు, ఒక ఆడపిల్ల పొట్టకూటి సంగతియు ఉన్నది. అది కడపట చెప్పెదను.

మా ఊరు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా పేరు వహించినది. మొన్నమొన్నటివఱకు ఇచ్చటి ఆడపిల్లలు ఎఱిగిన పనులు నాటు, కలుపు, పాడి, కుట్టు, కొంచెము చదివినవారికి పంతులమ్మ యుద్యోగము. ఇప్పుడు ఈ మండలమునందలి ఆదిభట్లలో విమానముల యంగములు తయారగుచున్నవి. సికోర్‌స్కీ కంపెనీవారి హెలికాప్టరులకు మనుష్యులు కూర్చుండు గదులను, సి-130 అను పెద్ద సరకు విమానమునకు తోకభాగములను అచ్చట టాటావారి కర్మాగారములలో కూర్చిరి. 2018వ సంవత్సరము మార్చి నెలలో టాటా, బోయింగు కంపెనీలు కలిసి స్థాపించిన మఱియొక కర్మాగారము ప్రారంభమైనది. అపాచీ అను యుద్ధ హెలికాప్టరు మొండెములు అందుండి వెడలుచున్నవి. ఇట్టి పెద్దవారు వచ్చినచోట చిల్లర భాగములు చేసియిచ్చు చిన్న కార్ఖానాలు కూడ పుట్టుట లోకసహజము. మా పిల్ల పాలిటెక్నిక్కు చదువు ముగించి అట్టిదానిలోనే చేరినది.

ఆమె నడపు యంత్రమును సి.ఎన్.సి. మిల్లింగు యంత్రమందురు. ఒక ఉక్కు ఉలి గిరగిర తిరుగుచు అల్యూమినియపు దిమ్మను చెక్కును. వడ్రంగి చేతిలోని ఉలికి వడ్రంగి కన్ను దారి చూపును. ఈ యుళికి దారి చూపునవి అక్షరములు, అంకెలు. ‘జి 00’ అనిన వేగముగా పొమ్మని, ‘జి 01’ అనిన తిన్నగా చెక్కుచు పొమ్మని, ‘జి 02’ అనిన గడియారపు ముల్లు తిరిగినట్లు వంకగా చెక్కుమని అర్థము. వాని తరువాత ఎంతదూరము పోవలెనో ఆ కొలత. ఇట్టి పంక్తులు వందలు, వేలు కలిసి యొక పాఠము. దానినే ప్రోగ్రామందురు.

ఈ కొలతలలో చుక్క యొకటి యుండును. ముగ్గు వేయువారికి చుక్క విలువ నేను చెప్పనక్కఱలేదు. పాత యంత్రములు పెక్కింటిలో పది అను అంకెప్రక్క చుక్క పెట్టినచో పది మిల్లీమీటరులు, చుక్క మఱచినచో మిల్లీమీటరులో నూఱవ వంతు! మన ముగ్గులో చుక్క తప్పినచో తుడిచి మరల పెట్టుకొందుము. అక్కడ ఉలి విఱుగును, లేదా దిమ్మ పాడగును.

ఇక ఆ పాఠమును యంత్రమునకు అందించుట యెట్లు? ఈ ప్రశ్నకు మొదటి జవాబు చెప్పినవారు లోహపు పనివారు కారు, నేతగాండ్రు. గద్వాలలోగాని, జరీ యంచులు నేయు మఱి యే యూరిలోగాని జకార్డు మగ్గమును చూచినవారు దానిపైన దండగా గ్రుచ్చిన అట్టలను చూచియే యుందురు. ఒక్కొక్క అట్టమీద కొన్ని చిల్లులు. చిల్లి యున్నచోట సూది లోనికి పోయి పడుగుదారమును లేపును. లేనిచోట దారము క్రిందనే యుండును. ఒక అట్టకు ఒక పోక. అట్టలు వరుసగా తిరిగినకొలది అంచుమీద మామిడిపిందెయో హంసయో తేలివచ్చును. ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున జోసెఫ్ మరీ జకార్డు 1804లో దీనిని నెలకొల్పెను. అతనికి ముందే 1725లో బుషాన్ అనువాడు చిల్లులు పొడిచిన కాగితముతో ఇట్టి యత్నము చేసియుండెను. 1839లో ఆ జకార్డు ముఖచిత్రమునే పట్టుమీద నేసిరి. దానికి 24,000 అట్టలు పట్టినవట! గణనయంత్రమును కలగన్న ఛార్లెస్ బాబేజి అట్టి చిత్రము నొకదానిని తన యింట పెట్టుకొని వచ్చినవారికి చూపెడివాడు. ఆ యంత్రమునుగూర్చి 1843లో వివరముగా వ్రాసి, మగ్గము పూవులను ఆకులను నేసినట్లు ఇది గణితమును నేయునని పోల్చి చెప్పినది ఒక స్త్రీ, ఏడా లవ్‌లేస్. అప్పటి కామె ముగ్గురు పిల్లల తల్లి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో పెద్ద అక్షరములతో వేయవలసినదని నా యభిప్రాయము.

మగ్గమునుండి ఉక్కునకు ఆ విద్య వచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమునందు జాన్ పార్సన్స్ అనునతడు సికోర్‌స్కీ హెలికాప్టరులకు రెక్కలు చేసియిచ్చుచుండెను. రెక్కయొక్క వంపు సరిగా రావలెనన్నచో దాని యంచు వెంబడి అనేక బిందువులను గణించి, ఒక్కొక్క బిందువు కడ ఉలిని నిలుపవలెను. ఫ్రాంక్ స్టూలెన్ అను సహాయుడు చిల్లుల అట్టలతో లెక్కకట్టు యంత్రముల నుపయోగించి ఆ బిందువులను రాబట్టెను. అట్టలు లెక్కయే కట్టగా ఉలినే యేల నడపరాదని పార్సన్స్‌నకు తోచినది. 1949లో అమెరికా వైమానికదళము ఆ పనికి ధనమిచ్చినది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు చిల్లుల పట్టీని చదివి దానంతట అది చెక్కు యంత్రమును లోకమునకు చూపిరి. 1959లో అదే విద్యాలయమువారు ప్రోగ్రాములు వ్రాయుటకు సులువైన భాష యొకటి కల్పించి, దానితో చెక్కించిన అల్యూమినియపు బూడిదపళ్లెములను పత్రికలవారికి కానుకగా పంచిరట. హెలికాప్టరు రెక్కకొఱకు పుట్టిన విద్య తిరిగి తిరిగి హెలికాప్టరు మొండెములు చేయు మా మండలమునకు చేరుట నాకు వింతగా తోచినది.

ఆ చిల్లుల కాగితపు పట్టీయే మొదటి గిన్నె. అంగుళము వెడల్పు, అడ్డముగా ఎనిమిది చిల్లులకు చోటు, అంగుళము పొడవునకు పది అక్షరములు. పెద్ద పాఠమైనచో పట్టీ చీరకంటె పొడవగును. నూనె చేతులు తగిలి మాసిపోవును, చినుగును, చుట్టలో ముడిపడును. అందుచేత తరువాత కొందఱు గట్టి ప్లాస్టిక్కు పట్టీలు వాడిరి. యంత్రములకు స్వంత జ్ఞాపకశక్తి వచ్చిన పిదప కూడ దానిని పట్టీ కొలతతోనే అమ్మిరి! ఎనుబది మీటరుల జ్ఞాపకము, మూడువందల యిరువది మీటరుల జ్ఞాపకము అని. ఒక మీటరు పట్టీమీద నాలుగు వందల అక్షరములకు కొంచెము తక్కువ పట్టును గనుక, ఎనుబది మీటరులనగా ముప్పదిరెండువేల అక్షరములు. తెలివిని మీటరులెక్కన అమ్మిన కాలమది. నేటికిని ప్రోగ్రాము చివర వ్రాయు ‘ఎం 30’ అను ఆజ్ఞకు ‘పని ముగిసినది, పట్టీ వెనుకకు చుట్టుము’ అని అర్థము. పట్టీ లేదు, చుట్టునది లేదు, ఆజ్ఞ మాత్రము నిలిచినది. మన యిండ్లలోని ఆచారములు కొన్ని జ్ఞప్తికి రాలేదా?

పట్టీ తరువాత తీగ వచ్చినది. 1960లో అమెరికాలో నిర్ణయింపబడిన ఆర్.ఎస్. 232 అను పద్ధతి ప్రకారము ఒక సన్నని తీగగుండా అక్షరములు ఒకదాని వెనుక నొకటి పోవును. దీనినే సీరియల్ పద్ధతి యందురు. మన భాషలో చెప్పవలెనన్న గోరుముద్దలు. విస్తరి నిండ ఒక్కసారి వడ్డించుట కాదు, ముద్ద తరువాత ముద్ద. ప్రతి యక్షరమును ఏడు గుర్తులుగా విడదీసి, ముందొక ఆరంభపు గుర్తు, వెనుక రెండు విరామపు గుర్తులు పెట్టి, నడుమ ‘సరి బేసి’ గుర్తు నొకటి చేర్తురు. వెరసి పదునొకండు. క్షణమునకు 4,800 గుర్తులు పంపినచో అక్షరములు నాలుగువందల ముప్పదియాఱు. లక్ష యక్షరముల పాఠము చేరుటకు నాలుగు నిమిషములకు కొంచెము తక్కువ పట్టును.

సరి బేసి గుర్తు మిక్కిలి చమత్కారమైనది. అక్షరములోని ఒకట్లను లెక్కించి, మొత్తము సరిసంఖ్య యగునట్లు ఆ గుర్తును నింపుదురు. దారిలో విద్యుత్తు చెదరి ఒక గుర్తు మాఱినచో లెక్క బేసియగును. యంత్రము వెంటనే అంగీకరింపక నిలిచిపోవును. కాని ఒకే యక్షరములో రెండు మాఱినచో మరల సరియే యగును, దొంగ దొరకడు. చాకలి తెచ్చిన మూటలో బట్టలు పది లెక్కకు వచ్చినను, అందొకటి పొరుగువారిది కావచ్చును గదా!

బిడ్డ ముద్ద మ్రింగకముందే మఱియొకటి పెట్టినచో పొలమాఱును. యంత్రమును అంతే. చిన్న జ్ఞాపకము గల యంత్రము కొంత తీసికొని ‘ఆగు’ అని సంకేతము పంపును. అవి చెక్కిన తరువాత ‘ఇక పెట్టు’ అనును. పెట్టువారికి ఆ సంకేతము తెలియునట్లు ముందుగనే అమర్చవలెను. ఈ యమరిక యొక్కటి తప్పినచో ముద్దలు నేలపాలే.

తీగకు రెండవ చివర కంప్యూటరు ఉండవలెను. అయితే ఇనుపపొడి, నూనెతుంపరలు నిండిన చోట ప్రతి యంత్రము కడను కంప్యూటరు పెట్టుట చిన్న కార్ఖానాకు తరముకాదు. అందుకే చేత మోయు పెట్టెలు పుట్టినవి. మొదట అయస్కాంతపు పళ్లెము లనదగిన ఫ్లాపీలను చదువునవి. జపానుదేశపు ఫానక్ కంపెనీవారు ఫ్లాపీ పెట్టెలనే కాక, బబుల్ క్యాసెట్టు అను విచిత్రమైన దానిని కూడ అమ్మిరి. తరువాత కదలు భాగములు లేని జ్ఞాపకపు చిప్పలు గలవి. మేజకడ కూర్చున్నవారు ప్రోగ్రామును పెట్టెలో నింపుదురు. పనివారు దానిని యంత్రముకడకు తీసికొనిపోయి తోక తగిలించి మీట నొక్కుదురు. యంత్రము ఎదుటనున్నది పెట్టె యని ఎఱుగదు, పూర్వపు పట్టీ చదువు పరికరమే యనుకొని చదువుకొనును. ఇప్పటి పెట్టెలు ఒకవైపు పెన్‌డ్రైవును, మఱియొకవైపు ఆ పాత తీగను పట్టుకొని దుబాసీపని చేయును.

కొత్త యంత్రములు కొనరాదా యని అడుగువారు కలరు. ఒక మంచి యంత్రము ముప్పదియేండ్లు పనిచేయును. దాని ఖరీదు ఇల్లు కట్టుటకు తక్కువ కాదు. ఫ్లాపీలా, 2011 నాటికి సోనీవారు వానిని తయారుచేయుటయే మానిరి. అమ్మమ్మనాటి రోలు అట్లే యుండగా మన యింట ఎన్ని మిక్సీలు మాఱలేదు? పెద్ద కార్ఖానాలు వదలిన పాత యంత్రములనే చిన్నవారు కొందురు. వానిలో పెక్కింటికి ఆ యిరువదియైదు సూదుల మూతి తప్ప వేఱు నోరు లేదు.

ఆ ముసలి యంత్రములకు మతిమఱుపు కూడ కలదు. నేర్చిన పాఠములు, తమ స్వంత కొలతలు ఒక చిన్న బ్యాటరీ బలముమీద నిలిచియుండును. కరెంటు ఆపియుండగా ఆ బ్యాటరీ చచ్చినచో అన్నియు ఎగిరిపోవును. కావున కరెంటు ఉండగనే బ్యాటరీ మార్చవలెను. అంతకుముందే జ్ఞాపకమునంతయు పెట్టెలోనికి త్రిప్పి పంపుకొని దాచవలెను. తోకను తగిలించునపుడు మాత్రము రెండు పరికరములను ఆపుట మేలు, లేనిచో భూమితీగల తేడావలన మూతి కాలిపోవచ్చును. ఆవకాయ జాడీకి తడిచేయి తగులనీయని ఇంట పెరిగిన పిల్లకు ఈ జాగ్రత్తలు నేర్పనక్కఱలేకపోయినదట.

పెన్‌డ్రైవులనుగూర్చి యొక మాట. ఎవరి జేబులోనిదియో తెచ్చి యంత్రమునకు పెట్టరాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్ట ప్రోగ్రాము పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించునట్లు అల్లబడినది. బయటి తీగలతో సంబంధమే లేని ఇరాన్ దేశపు నతాంజ్ అణుకర్మాగారములోని యంత్రములను అది చెడగొట్టినది. యంత్రములు పాడగుచుండగా, కాపలావారి తెరలమీద అంతయు క్షేమమనియే చూపినదట! సినిమాపాటలు ఎక్కించిన పెన్‌డ్రైవును కార్ఖానాకు పట్టుకొనిపోవు కొడుకులున్న తల్లులు ఈ సంగతి వారి చెవిని వేయుదురుగాక.

ఇక మా పిల్ల సంగతి. కిందటి కార్తికములో ఒకనాటి సాయంకాలపు పాళీలో ఆమె ఏడు బిళ్లలు చెక్కినది. మఱునాడు కొలిచి చూడగా ఏడింటిలోను ఒక చిల్లి రెండు మిల్లీమీటరులు ప్రక్కకు ఉన్నది. కొన్నవారు నెలక్రిందటనే నమూనా మార్చియుండిరి. ఆమె నడిపినది పాత ప్రోగ్రాము. రెండింటికిని సంఖ్య యొక్కటే. లోహముయొక్క ఖరీదు ఆమె రెండు నెలల జీతమునకు మించినది. “నీవు సరిగా చూచి యెక్కించలేదు, జీతములో పట్టుకొందుము” అని యజమాని కోపించెను. ఆడపిల్లలకు ఇట్టి పని ఇచ్చుటయే తప్పని మఱియొకరు ప్రక్కనుండి అనిరట. ఆ మాట జీతముకంటె ఎక్కువగా నాటినది. ఇంటికి వచ్చి అన్నము తినలేదు. మా తమ్ముడు “చాలును, మానివేయుము, సంబంధములు చూచెదను” అనెను. ఆ రాత్రి నాకు ఫోను చేసి, “అత్తా, తప్పు నాదైతే కట్టుదును. నాది కానిదానికి ఎట్లు మానుదును?” అని యేడ్చినది.

నా కొక్కటే తోచినది. “బిడ్డా, మీ నాయనమ్మ చాకలిపద్దు వ్రాసినట్లు నీవేదో పుస్తకము వ్రాయుచుంటివి గదా, అది చూడుము” అంటిని.

ఉన్నది. పెట్టెనుండి యంత్రమునకు పాఠమెక్కించిన ప్రతిసారియు తేదీ, ప్రోగ్రాము సంఖ్య, అందలి యక్షరముల మొత్తము ఆ పిల్ల వ్రాసికొనియున్నది. ఎవరు చెప్పినదియు కాదు. మఱునాడు ఆ పుస్తకమును తీసికొని యజమాని యెదుట నిలిచినది. నమూనా మారకముందు ఎక్కించిననాడు ఎన్ని యక్షరములో, ఆ సాయంకాలము ఎక్కించినపుడును సరిగా అన్నియే. మేజమీది కంప్యూటరులోని కొత్త ప్రోగ్రాములో నలువది యక్షరములు ఎక్కువ. పెట్టెను తెఱచి చూచిరి. కొత్తది అందు లేనే లేదు. మేజకడనుండి పెట్టెలోనికి దానిని నింపుటయే ఎవరో మఱచిరి. యంత్రముకడ నున్న పిల్ల, తనకిచ్చిన సంఖ్యను తాను ఎక్కించినది, అంతే.

జీతములో పట్టుకొనలేదు. పొరపాటైనదని మాత్రము ఎవ్వరును అనలేదు. అది నాకు నేటికిని కష్టముగనే యున్నది. ఆమెకు లేదట. తరువాత ఆమెయే యొక యేర్పాటు అడిగి సాధించినది. ప్రతి ప్రోగ్రాము మొదటి పంక్తిలో కుండలీకరణముల నడుమ నమూనా మారిన తేదీ వ్రాయవలెను. కుండలీకరణములలోని మాటలను ఉలి లెక్కచేయదు, తెరమీద మాత్రము కనబడును. ఎక్కించిన పిమ్మట యంత్రమునుండి మరల పెట్టెలోనికి త్రిప్పి పంపుకొని, రెండు ప్రతులను పోల్చిన తరువాతనే మొదటి బిళ్ల చెక్కవలెను. మొదటి బిళ్లను కొలిచినగాని రెండవది పెట్టరాదు.

మా తమ్ముడు సంబంధముల మాట విడువలేదు గాని, వచ్చినవారితో “పిల్ల ఉద్యోగము మానదు” అని ముందుగనే చెప్పుచున్నాడు. ఆ పద్దుపుస్తకము ఇప్పుడు యంత్రమునకు దారముతో కట్టి వ్రేలాడుచున్నదట. మూడు పాళీలవారును అందులో వ్రాసి సంతకము చేయుచున్నారు. మొదటిది నిండిపోగా, మొన్న ఆదివారమునాడు అంగడిలో రెండువందల పుటల పుస్తకము నొకటి కొని, అట్ట వేసి యిచ్చితిని.